మంగళవారం నడక

ఇటు జరుగు పిల్లా, ఈ చాప మీదికి. ఇంకాస్త దగ్గరికి, నా గొంతు ఇప్పుడు అంత దూరం రాదు. ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు, అది ఎటూ పోదు. నా మనవడు సాల్మన్‌కీ సుజన డాక్టరుకీ ముడి ఎలా పడిందో చెప్తాను. ఊళ్ళో తలా ఒక రకంగా చెప్తారు. ఉన్నది ఉన్నట్టు తెలిసింది నాకే, ఎందుకంటే అందులో జరిగిన పెద్ద తప్పు నాది.

మాది బీదర్ దగ్గరి కమఠాణ ఊరు. సాల్మన్ ట్రాలీ ఆటో నడుపుతాడు. చుట్టుపక్కల చేలల్లో పండిన కందులు, పెసలు బీదర్‌లోని గాంధీ గంజ్ మార్కెట్‌కు చేరవేస్తాడు. వాడి నాన్న పాల్, అంటే నా కొడుకు, అదే గంజ్‌లో ఒక దుకాణంలో కాంటా దగ్గర పనిచేస్తాడు. నా మొగుడు ఉన్నన్నాళ్ళూ బీదర్ స్టేషన్ దగ్గర టాంగా తోలాడు. ఆ గుర్రాల పిచ్చి కొడుకును తప్పించుకుని పోయి మనవడికి అంటుకుంది. మాలేగావ్ జాతరలో ఒక ఆడగుర్రాన్ని చూసి, రెండు రోజులు అన్నం మానేసి, చివరికి ఇంటికి తెచ్చుకున్నాడు. అచ్చం పాకంలోంచి అప్పుడే తీసిన జిలేబీ రంగు. పేరు కూడా అదే పెట్టాడు.

జిలేబి దౌడు పందేల గుర్రం కాదు, దూరం పందేలది. నలభై, అరవై కిలోమీటర్లు పోవాలి. మధ్యలో డాక్టర్లు ఆపి గుండె కొట్టుకోవడం చూస్తారు, కాళ్ళు చూస్తారు. బాగుందంటేనే ముందుకు పంపుతారు.

మార్చి నెలలో ఒక సాయంత్రం స్వారీ నుంచి తిరిగొచ్చి, జిలేబి ఎడమ ముంగాలు నేలకు ఆనించీ ఆనించనట్టు నిలబడింది. మోకాలి కింద, వెనకవైపు చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. నేను ఊరుకుంటానా? సున్నం, పసుపు కలిపి వేడి చేసి దట్టంగా పట్టు వేశాను. మర్నాడు పొద్దున్నే ఎవరిదో బొలేరో అడిగి తెచ్చి, గుర్రాన్ని ఎక్కించి, బీదర్ పశువుల ఆసుపత్రికి పోయాం. నేనూ వెనకాలే ఎక్కాను. నన్ను దింపే ధైర్యం ఎవరికుంది?

అక్కడ ఒక అమ్మాయి వచ్చింది. సన్నగా ఉంది, పొడుగు జడ, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు. వంగి కాలు చూసి లేచి నిలబడింది.

"ఎవరు పెట్టిర్రు ఈ సున్నం?"

సాల్మన్ నావైపు చూడనైనా చూడలేదు. "నేనే" అన్నాడు.

"కాలే వేడిగుంది, దాని మీద ఇంకింత వేడా? అన్నా, నీకు జరమొస్తే దుప్పట్లు కప్పి పొయ్యి పక్కన పండబెడతరా మీ ఇంట్ల?"

"మాటలు తర్వాత డాక్టరమ్మా. వచ్చే ఆదివారం నలభై కిలోమీటర్ల పోటీ ఉంది. జర సూది వేస్తే అయిపోతది గదా?"

"అయిపోతది. పూరా అయిపోతది. నొప్పి తెల్వకుండ సూది వేస్త, ఇది ఖుషీగ ఉరుకుతది, ఉన్న నాలుగు పోగులు కూడ తెగుతయ్. వేయాల్నా?"

"గట్లంటే ఎట్లా..."

"పోటీ మీద అంత పానం గుంజితే నువ్వే ఉరుకు అన్నా. జిలేబి ఇంట్ల నిలబడి చూస్తది."

నేను నవ్వాను. సాల్మన్ చెవులు ఎర్రగా అయ్యాయి. నిజం చెప్పొద్దూ, వాడి చెవులు ఒక అమ్మాయి మాటకు ఎర్రబడడం నేను చూసింది అదే మొదటిసారి.

ఆ అమ్మాయే సుజన. వాళ్ళ నాన్న సంసోను బీదర్‌లో అచ్చు ప్రెస్సులో పని చేస్తాడు, మా చర్చివాళ్ళకు తెలిసినవాడే. సుజన కాలు మీద మిషన్ పెట్టి తెర మీద ఒక నల్లటి మచ్చ చూపించింది.

"చూడు. ఎముక వెనక గట్టి పట్టీ లెక్క ఉంటది ఇది. లిగమెంట్ అంటరు. కాలు ఆనినప్పుడల్లా బరువు మొత్తం ఇదే మోస్తది. ఇందుల పోగులు తెగినయ్. ఇక్కడ నెత్తురు పారుడు తక్కువ, అందుకే మెల్లగ అతుకుతది."

"ఎన్ని రోజులు?"

"రోజులు గాదు. తొమ్మిది నెలలు పట్టొచ్చు, పది పట్టొచ్చు."

సాల్మన్ గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. అప్పుడు ఆ పిల్ల గొంతు కొంచెం మెత్తబడింది. మొదటి వారం రోజుకు మూడుసార్లు, ఇరవై నిమిషాలు ఐసు పట్టాలంది. దూది పరిచి కట్టు కట్టాలంది, ఎక్కడా బిగువు ఎక్కువ తక్కువ కాకుండా. మూడు వారాలు కొట్టంలోంచి కదలనీయొద్దంది. ఆ తర్వాత చేత్తో పట్టుకుని పది నిమిషాల నడక. వారానికి ఐదు నిమిషాలు పెంచాలి. వీపు మీద ఎవరూ ఎక్కకూడదు.

"నడిపిచ్చుడు తారు రోడ్డు మీదనే. గట్టిగ, సమానంగ ఉండాలె. సీదా పోవాలె, సీదా రావాలె. మంగళవారం మీ దిక్కు ఊర్లకు వస్త. చూసి పోత."

ఆ రోజు ఇంటికొచ్చాక పాల్‌తో పెద్ద గొడవ.

"పది నెలలు నిలబడి తింటదా?" అన్నాడు వాడు. "దత్తు అడుగుతుండు. భాల్కిల పెండ్లి బరాత్‌లకు గుర్రాలు తిప్పుతడు. ఇచ్చేద్దాం."

"బ్యాండు ముంగట గంటలు గంటలు నిలబెడితే దీని కాలు ఉంటదా నాన్నా?"

"అయితే నా మాట ఇను. జనవరిల మళ్ళా పోటీ ఉంది గదా. ఆ నలభై కిలోమీటర్లు పూర్తి చేస్తే గుర్రం ఇక్కడనే ఉంటది. చెయ్యకుంటే దత్తు తోలుకపోతడు. ఇగ మల్ల అడగొద్దు."

పాల్ కాంటా ముందు బతికినవాడు. ముల్లు ఎటు మొగ్గితే అటే మాట, మధ్యలో ఆగడు.

ఇక ఆ రోజు నుంచి మంగళవారం వచ్చిందంటే మా ఇంట్లో పండగే. సాల్మన్ పొద్దున్నే గడ్డం గీసుకునేవాడు. "గుర్రానికి కనబడుతదా నీ గడ్డం?" అనేదాన్ని. "శుభ్రం నానమ్మా, డాక్టరు శుభ్రం ఉండమన్నది" అనేవాడు. ఆమె చెప్పింది కట్టు శుభ్రం గురించి.

ఆ పిల్ల స్కూటీ మీద వచ్చేది. రెండు కాళ్ళూ మార్చి మార్చి తడిమి చూసేది. "నువ్వు కూడ పట్టు అన్నా, రోజూ రెండు కాళ్ళు పట్టి చూడు. ఎడమది కుడిదాని కన్న వెచ్చగుంటే నాకు ఫోన్ చెయ్యి" అనేది. సాల్మన్ ఆమె చేతులనే చూసేవాడు. జిలేబి మాత్రం ఆమె జడ కొస నమలడానికి చూసేది. ఇద్దరిలో తెలివైనది గుర్రమే, ఏం కావాలో దానికి తెలుసు.

ఇప్పుడు నా తప్పు చెప్తాను.

నడక మొదలుపెట్టిన రోజు సాల్మన్ గుర్రాన్ని తారు రోడ్డు వైపు తిప్పితే నా మనసు ఒప్పుకోలేదు. నా మొగుడు టాంగా విప్పాక గుర్రాన్ని మెత్తటి మట్టిలో తిప్పేవాడు, అలిసిన డెక్కలకు సుఖమని. ఎద్దునైనా గట్టి రోడ్డు మీద నడిపిస్తే అయ్యో అంటాం మేము.

"తారు మీదెందుకురా? కాలు అదురుతది. వెనక దున్నిన రేగడి చేను ఉంది, పరుపు లెక్క ఉంటది, పో."

"డాక్టరు రోడ్డు అన్నది నానమ్మా."

"ఆ పిల్లకు పుస్తకం ఎరుక. నాకు గుర్రం ఎరుక."

వాడు నా మాట తీసెయ్యలేక చేనులోకి తీసుకుపోయాడు. మూడు వారాలు నేనే గట్టు మీద కూర్చుని నిమిషాలు లెక్కపెట్టాను. ఎంత సంబరపడ్డానో! నాలుగో మంగళవారం సుజన వచ్చి కాలు మీద చెయ్యి పెట్టగానే ముఖం మారిపోయింది. వాపు తిరిగొచ్చింది. డెక్క ఎత్తి, లోపల ఇరుక్కున్నదాన్ని ఇనుప కొక్కెంతో గీకింది. నల్లటి మట్టి, గడ్డకట్టి రాలింది.

"తారు రోడ్డు మీద రేగడి మట్టి ఎప్పుడొచ్చింది అన్నా?"

సాల్మన్ తల వంచుకున్నాడు. "చేన్ల తిప్పిన. మెత్తగ ఉంటదని."

"మెత్తటి మట్టిల డెక్క లోపలికి దిగుతది. గుంజి పైకి తీయాలె. ఒక్కొక్క అడుగుకు ఆ పట్టీ ఇంకింత సాగుతది. గట్టి నేల మీద గట్ల కాదు. ఇది నీకు చెప్పిన్నా, చెప్పలేదా?"

"చెప్పినవ్."

"మరి?"

వాడు రాలిన మట్టిని కాలితో పక్కకు తోశాడు. నేను అక్కడే ఉన్నాను పిల్లా, చేటలో కందులు చెరుగుతూ. నోరు తెరవబోయాను. వాడు నావైపు ఒక్క చూపు చూశాడు, వద్దన్నట్టు. నేనూ ఊరుకున్నాను. ఆ ఊరుకున్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను.

"నా మాట మీద నమ్మకం లేనప్పుడు నేను వచ్చుడు ఎందుకు? కాలు మళ్ళా మొదటికొచ్చింది. ఐసు మొదటి నుంచి, కట్టు మొదటి నుంచి" అని స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది.

తర్వాతి మంగళవారం ఆమె రాలేదు. వేరే ఎవరో వచ్చి కట్టు మార్చి పోయారు. సాల్మన్ ఆ రోజూ గడ్డం గీసుకున్నాడు. సాయంత్రందాకా గేటు దగ్గరే ఉన్నాడు. అన్నం దగ్గర అడిగితే "ఆకలి లేదు" అన్నాడు. వాడి తాతకూ అంతే, మనసు బాగలేకపోతే ముందు కడుపు మూసుకుంటుంది.

బుధవారం పొద్దున బస్సెక్కి బీదర్ పోయాను. ఆసుపత్రిలో సుజన ఒక బర్రె పక్కన కూర్చుని రాసుకుంటోంది.

"ఏమైంది అవ్వా? జిలేబికి బాగలేదా?"

"జిలేబికి కాదు బిడ్డా, నాకు బాగలేదు. చేన్ల తిప్పుమన్నది నేనే. వాడు రోడ్డు అన్నడు. నేనే ఇనలే."

ఆమె కలం ఆగిపోయింది. "ఆయన చెప్పలే."

"సున్నం పెట్టింది కూడ నేనే."

"అది కూడా?"

"అది కూడా."

సుజన ముందు నవ్వింది. తర్వాత చున్నీతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత మళ్ళీ నవ్వింది. "నేను ఆయనను ఎన్ని మాటలు అన్న అవ్వా! ఒక్కటి కూడ తిరిగి అనలే" అంది.

"ఇంకోసారి నేను చెప్తే వానికి ఇనొద్దని చెప్పు" అన్నాను.

"ఆయనకు చెప్పను, మీకే చెప్త. మీరు రోడ్డు మీదికి రండి, మీరే నిమిషాలు లెక్కవెట్టాలె."

మంగళవారం స్కూటీ చప్పుడు వినగానే జిలేబి సకిలించింది. సాల్మన్ బకెట్టు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"కట్టు నువ్వే కట్టినవా సాల్మన్?" అంది సుజన. "మంచిగ కట్టినవ్."

విన్నావా? ఆ రోజు నుంచి "అన్నా" అన్న మాట ఆ అమ్మాయి నోట్లోంచి మాయమైంది. వాడు గమనించాడో లేదో, నేను మాత్రం గమనించాను. రాత్రి ప్రార్థనలో దేవునికి కూడా ఆ సంగతి చెప్పాను.

గుర్రం మెల్లగా నడవాలి కదా, పక్కన మనుషులూ మెల్లగానే నడవాలి. పది నిమిషాలు, పదిహేను, ఇరవై. ఆమెకు తొందరగా పోవడానికి వీల్లేదు, వాడికి బండి ఎక్కడానికి వీల్లేదు. అటు ఆమె, ఇటు వాడు, మధ్యలో జిలేబి. గుర్రం మెడ మీదుగా మాటలు. నేను వెనకాల చెయ్యి గడియారం పట్టుకుని. ఎప్పుడైనా నిమిషాలు అయిపోయినా రెండు మూడు ఎక్కువ చెప్పేదాన్నా అని అడగకు. చెప్పేదాన్ని కాదు. ఒకసారి తప్పు చేశాను, చాలు.

జూలైలో ఒక మంగళవారం సగం దారిలో వాన పట్టుకుంది. ముగ్గురికీ కలిపి ఒక్క గొడుగు. సాల్మన్ దాన్ని విప్పి, వంగి, జిలేబి కాలి పక్కన పట్టుకున్నాడు.

"అదేంది?" అంది సుజన. నెత్తిమీంచి నీళ్ళు కారుతున్నాయి.

"కట్టు తడిస్తే బిగుసుకుంటదని నువ్వే అన్నవ్ గదా."

"డాక్టరు తడిస్తే ఏమైతదో చెప్పలేదా నేను?"

"చెప్పలే. ఏమైతది?"

"తుమ్ముతది."

తుమ్మింది కూడా. ఇద్దరూ అలా నవ్వుకుంటూ, వాడు నడుం వంచి గొడుగు ఈడ్చుకుంటూ, ఆమె ఆ గొడుగు అంచు ఒకటి పట్టుకుని వంగి, ఇంటికొచ్చారు. గుర్రం కట్టు పొడిగా ఉంది. మిగిలిన ముగ్గురం పిండితే బిందె నిండేది.

సెప్టెంబరులో మిషన్ తెర మీద నల్ల మచ్చ మూసుకుంది. పరుగు మొదలైంది, ముందు రెండు నిమిషాలు, తర్వాత ఐదు. నవంబరులో సాల్మన్ వీపు మీద ఎక్కాడు. "జనవరికి?" అని వాడు అడిగితే సుజన ఇంకోసారి కాలు తడిమి చూసింది. "జోరు చెయ్యకు. పూర్తి చేస్తే చాలు అనుకొని పో. కాలు ఏమంటదో అది ఇను" అంది.

పోటీ రోజు బీదర్ బయట ఎర్రమట్టి మైదానంలో గుడారాలు. ఇరవై కిలోమీటర్లు చుట్టి రావాలి, డాక్టర్లు చూడాలి, మళ్ళీ ఇరవై. పాల్ వచ్చాడు. భాల్కి నుంచి దత్తు కూడా బండి తెచ్చుకుని వచ్చి నిలబడ్డాడు. నేను ఆ బండికి వీపు పెట్టి నిలబడ్డాను. సుజన డాక్టర్ల బల్ల దగ్గర కూర్చుంది గాని కాగితాలు రాయడానికే. తాను వైద్యం చేసిన గుర్రాన్ని తాను చూసి తీర్పు చెప్పకూడదట, అదక్కడి పద్ధతి. చూసేది వీరేశ్ అని పెద్ద డాక్టరు.

మొదటి ఇరవై అయ్యాయి. జిలేబి చెవులు నిలబెట్టుకుని వచ్చింది. నీళ్ళు పోశాం, గుండె నెమ్మదించింది. వీరేశ్ సారు పరిగెత్తించి చూశాడు, అటు పోయి ఇటు వచ్చింది, ఎక్కడా కుంటు లేదు.

"పాస్" అన్నాడు.

పాల్ ముఖంలో నవ్వు. "ఇంకిరవై రా కొడకా! ఇంకిరవై!"

సాల్మన్ మాత్రం వంగి రెండు ముంగాళ్ళూ పట్టి చూశాడు. మళ్ళీ చూశాడు. ఎడమది, కుడిది, ఎడమది. లేచి బల్ల వైపు వచ్చాడు.

"డాక్టర్, జర చెయ్యి పెట్టి చూస్తవా?"

సుజన ముఖం తెల్లబోయింది. ఆమె చేతులు బల్ల అంచును గట్టిగా పట్టుకున్నాయి. "నేను ఇయ్యాల రాసేదాన్నే సాల్మన్. చూసేదాన్ని గాను. వీరేశ్ సార్ చూసిండ్రు, బాగుందన్నరు."

"నీకేమనిపిస్తాంది?"

"నేను చెప్పొద్దు. నీ చెయ్యి ఏమంటాంది?"

వాడు తిరిగి పోయి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని ఆ కాలి వెనక బొటనవేలు మెల్లగా పైనుంచి కిందికి జరిపాడు. ఒకచోట జిలేబి కాలు కొంచెం ఎత్తింది, అంతే. ఎవరికీ కనబడలేదు. నాకు కనబడింది, ఆ అమ్మాయికీ కనబడింది.

సాల్మన్ లేచి, ఛాతీ మీది నంబరు విప్పి బల్ల మీద పెట్టాడు. "సార్, మేం ఇక్కడ ఆపుతున్నం."

"గుర్రం పాసైందయ్యా!" అన్నాడు వీరేశ్ సారు.

"అయింది సార్. కాని ఒక జాగల వెచ్చగుంది. ఇంకిరవై పోతే నేను దాన్ని అడగరానిది అడిగినట్టు."

పాల్ అరిచాడు. "పిచ్చివట్టిందారా! డాక్టరే పొమ్మన్నంక! నా మాట యాదికుందా లేదా?"

"ఉంది నాన్నా. నీ మాట నీది. తోలుకపొమ్మను. కాని నేను ఎక్కను."  మొహం తిప్పేసుకుని జిలేబి జీను విప్పడం మొదలుపెట్టాడు.

 దత్తు తాడు తీసుకుని రెండడుగులు ముందుకొచ్చాడు. పాల్ కొడుకు వీపునే చూస్తున్నాడు. చేత్తో మొహం రుద్దుకున్నాడు. తర్వాత పోయి దత్తుకు అడ్డంగా నిలబడ్డాడు.

"దత్తూ, నువ్వు పో. గుర్రం లేదు."

"మాటిచ్చినవ్ గదా పాలన్నా?"

"ఇచ్చిన. కాని ఎవ్వరు చెప్పకున్నా వాడు దిగిండు. నేనొక మెట్టు దిగితే నా సొమ్మేం పోతది?"

దత్తు కూడా చెడ్డవాడేం కాదు. గుర్రం మెడ తట్టి, బండి తిప్పుకుని పోయాడు.

పోటీ కాగితం మీద సాల్మన్ పేరుకు ఎదురుగా గీత పడింది. రాసింది సుజనే. రాసి, కలం మూసి, బల్ల దాటి వచ్చింది. ఇక ఆమె రాసేది ఏమీ లేదు. నేరుగా జిలేబి దగ్గర కూర్చుని చెయ్యి పెట్టి చూసింది.

"తెగలే. మొదలవుతుంటే పట్టినవ్. ఐసు తే."

ఇద్దరూ నేల మీద కూర్చున్నారు, కాలికి చెరో వైపు, ఐసు సంచి పట్టుకుని. నేను జీను మీద కూర్చుని ఎటో చూస్తున్నట్టు ఉన్నాను.

"మళ్ళా నెలలేనా?" అన్నాడు వాడు.

"మూడు నెలలు నడక. తర్వాత చూద్దాం."

"అంటే మళ్ళా ప్రతి మంగళవారం వస్తవా?"

సుజన ఐసు సంచి సర్దింది. "మంగళవారం ఒక్కటేనా?" అంది.

సాల్మన్ చేతిలో సంచి జారిపోయింది. ఐసు ముక్కలన్నీ ఎర్రమట్టిలో పడ్డాయి. జిలేబి వంగి ఒక ముక్క వాసన చూసింది.

"ఏందీ, సంచి కూడ పట్టరాదా? ఇరవై నిమిషాలు గాలే ఇంకా" అని కసిరింది ఆమె, కాని ఈసారి ఎర్రబడ్డవి ఆమె చెవులు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక నేనూ పాలూ సంసోను ఇంటికి పోయాం. ఆయన చాయ్ పోసి, కళ్ళజోడు సవరించుకుని, "పోటీల పాసైనంక కూడ ఆపినోడు, ఆ పిల్లగాడేనా?" అని అడిగాడు.

"వాడే" అన్నాడు పాల్, కొంచెం సిగ్గుపడుతూ.

"అయితే నేను అడిగేది ఇంకేం లేదు. బిడ్డను అడగండి" అన్నాడు సంసోను. బిడ్డ లోపలి గదిలోంచి, "నన్ను ఎప్పుడో అడిగిండు నాన్నా" అంది. ఇంకేం మాట్లాడతాం? చాయ్ తాగి వచ్చాం.

జిలేబి ఇప్పుడు ఇరవై కిలోమీటర్లదాకా హాయిగా పోతుంది. అంతకు మించి ఎవరూ దాన్ని అడగరు.

ఇదీ పిల్లా సంగతి. గుర్తు పెట్టుకో. రేపు నీ దోస్తులకు చెప్పు, నీకు పిల్లలు పుడితే వాళ్ళకూ చెప్పు. ఒక్కటి మాత్రం నా కోసం చెయ్యి. చెప్పేటప్పుడు జిలేబి పోటీ గెలిచిందని చెప్పకు. జనానికి గెలిపించడం ఇష్టం, ఇప్పటికే ఊళ్ళో ఇద్దరు ముగ్గురు అలా చెప్తున్నారు. ఇంకా ఇరవై కిలోమీటర్లు మిగిలి ఉండగా, డాక్టరు పొమ్మన్నాక కూడా, సాల్మన్ దిగాడని చెప్పు. అట్లానే చెప్పు.